గుంట గట్టు మీద కనిపించని కార్డు

2020 మార్చి 12న ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు నెల్లూరులో తేలింది. మర్నాడు, మార్చి 13న, ఢిల్లీలో కేంద్ర టెలికాం శాఖ ఒక సడలింపు ఇచ్చింది. అంతవరకూ కాల్ సెంటర్లు, బీపీఓల లాంటి సంస్థలు తమ ఉద్యోగి చేత ఇంటి నుంచి పని చేయించుకోవాలంటే ప్రభుత్వం దగ్గర పూచీ సొమ్ము కట్టాలి, లైసెన్సున్న టెలికాం కంపెనీ ఏర్పాటు చేసి ఇచ్చే వీపీఎన్‌నే వాడాలి. సడలింపుతో ఆ రెండూ పక్కకి జరిగాయి. స్టాటిక్ ఐపీ పెట్టుకుని సంస్థే సొంతంగా భద్రమైన వీపీఎన్ అమర్చుకోవచ్చన్నారు. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. 29న లినక్స్ 5.6 విడుదలైంది, వైర్‌గార్డ్ అనే కొత్త వీపీఎన్ ఆ కెర్నెల్‌లో తొలిసారి అంతర్భాగమైంది.

ఆ పదిహేను రోజుల్లోనే బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి ల్యాప్‌టాప్ సంచీతో కావలికో, కోవూరుకో, ఇందుకూరుపేటకో ఎందరో చేరుకున్నారు. నడవాలో మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆఫీసు వీపీఎన్ నొక్కారు. కొందరికి ఒక్క నొక్కుతో పని జరిగింది. మరికొందరికి ‘కనెక్టెడ్’ అని పచ్చగా వెలిగింది గానీ ఒక్క పేజీ తెరుచుకోలేదు.

వీపీఎన్ అనగానే మాట ఎన్‌క్రిప్షన్ మీదికి పోతుంది. ఎన్ని బిట్ల తాళం, ఎవరు పగలగొట్టగలరు అనే చర్చే ఎక్కువ. కానీ పచ్చదీపం వెలిగి పేజీ రానప్పుడు తాళాన్ని అనుమానించి లాభం లేదు. చూడాల్సింది వర్చువల్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అనే చిన్న సరంజామాను. దాన్ని ఎవరు పుట్టించారు, ఏ చిరునామా ఇచ్చారు, ఏ ట్రాఫిక్‌ను దానివైపు మళ్లించారు, పేర్ల విచారణ ఎవరికి అప్పజెప్పారు, ఎంత పెద్ద ప్యాకెట్ పడుతుందని చెప్పారు? ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ప్రశ్నలు ఇవే. జవాబులు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

ఇంట్లో కంప్యూటర్‌కు వైఫై కార్డు ఒకటి, కేబుల్ పెట్టే ఈథర్‌నెట్ కార్డు ఒకటి ఉంటాయి. వర్చువల్ ఇంటర్‌ఫేస్ మూడో కార్డు, చేతికి తగలదు. దానికి కూడా ఐపీ చిరునామా ఉంటుంది, రూటింగ్ పట్టికలో చోటు ఉంటుంది. బ్రౌజర్‌కు అది కార్డో కాదో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తేడా అల్లా ఒకటే: వైఫై కార్డులో పడ్డ ప్యాకెట్ గాలిలోకి వెళ్తుంది, ఈ కార్డులో పడ్డది వీపీఎన్ సాఫ్ట్‌వేర్ చేతికి వస్తుంది. అది ప్యాకెట్‌కు తాళం వేసి, ఇంకో కవరులో పెట్టి, అసలు కార్డు గుండా బయటికి పంపుతుంది. అవతలివైపు కవరు విప్పి లోపలిదాన్ని తీస్తారు. ఈ కవర్ల దారినే టన్నెల్ అంటారు. ఐపీ ప్యాకెట్లను మాత్రమే తీసుకునే రకాన్ని టన్ అంటారు, ఈథర్‌నెట్ ఫ్రేములను యథాతథంగా మోసే రకాన్ని ట్యాప్ అంటారు. రెండు ఊళ్ల ఆఫీసులను ఒకే స్విచ్చుకు తగిలించినట్టు ఉండాలంటే ట్యాప్. మామూలు మనుషుల అవసరాలకు టన్ చాలు.

లినక్స్‌లో ఈ పని పాతది, శుభ్రమైనది. మాక్సిమ్ క్రాస్న్యాన్‌స్కీ 1999, 2000 ప్రాంతంలో రాసిన టన్, ట్యాప్ డ్రైవర్ 2.4 కెర్నెల్ నాటికే అందులో ఉంది. ‘డెవ్’ డైరెక్టరీలో ‘నెట్’ కింద ‘టన్’ అనే ఫైలును తెరిచి, నాకో ఇంటర్‌ఫేస్ కావాలని కెర్నెల్‌ను అడగడమే. జేమ్స్ యోనన్ 2001లో మొదలుపెట్టిన ఓపెన్‌వీపీఎన్ దీని మీదే నిలబడింది. అందులో ఒక ఖర్చుంది: ప్రతి ప్యాకెట్టూ కెర్నెల్ నుంచి ప్రోగ్రామ్‌కు, ప్రోగ్రామ్ నుంచి మళ్లీ కెర్నెల్‌కు తిరగాలి. జేసన్ డోనన్‌ఫెల్డ్ వైర్‌గార్డ్‌ను కెర్నెల్ లోపలే కూర్చోబెట్టి ఆ తిరుగుడు తప్పించాడు. ఓపెన్‌వీపీఎన్ కూడా 2023లో వచ్చిన 2.6తో డేటా మోసే పనిని కెర్నెల్‌కు అప్పగించే వీలు కల్పించింది.

లినక్స్ గొప్పతనం ఏమిటంటే అడుగడుగూ కనిపిస్తుంది. ‘ఐపీ లింక్ యాడ్’ అంటే కార్డు పుడుతుంది, ‘ఐపీ అడ్రస్ యాడ్’ అంటే చిరునామా వస్తుంది, ‘ఐపీ రూట్’ అంటే దారి పడుతుంది. వీటన్నిటికీ రూట్ (సర్వాధికారి) హక్కో, నెట్‌వర్క్ నిర్వహణ హక్కో కావాలి. ఎవరి యంత్రానికి వారే యజమాని అన్న ధోరణి అది. ‘డబ్ల్యూజీ-క్విక్’ అనే చిన్న స్క్రిప్టు ఈ అడుగులన్నీ ఒక్క ఫైలు చూసి చేసేస్తుంది. మొత్తం ట్రాఫిక్‌ను టన్నెల్‌లోకి మళ్లించమంటే తాళం వేసిన కవర్లకు 51820 అనే గుర్తు వేసి, ఆ గుర్తు లేనివాటికి వేరే రూటింగ్ పట్టిక పెడుతుంది. ఈ జాగ్రత్త లేకపోతే కవరే మళ్లీ టన్నెల్‌లోకి దూరి, దానికి ఇంకో కవరు పడి, ఎక్కడికీ పోకుండా సుడి తిరుగుతుంది. వీపీఎన్‌ను సొంతంగా రాసుకోబోయిన ప్రతి కుర్రాడూ ఒకసారైనా చేసే పొరపాటు ఇది.

పేర్ల విచారణ దగ్గర లినక్స్ కాస్త తడబడుతుంది. ఒకప్పుడు ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలులో, పేరు అడిగితే ఐపీ చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వర్ చిరునామా మారిస్తే అయిపోయేది. ఇప్పుడు ఆ ఫైలును సిస్టమ్‌డీ ఒకవైపు, నెట్‌వర్క్‌మేనేజర్ మరోవైపు తమదే అంటాయి. ఉబుంటులో టన్నెల్ నిలబడి, ఆఫీసు లోపలి పేర్లు మాత్రం దొరకకపోతే ‘రిజాల్వ్‌సీటీఎల్’ కొట్టి ఏ ఇంటర్‌ఫేస్‌కు ఏ డీఎన్ఎస్ అంటుకుందో చూడటమే తొలి పని.

విండోస్ సంగతి వేరు. ప్రోగ్రామ్ అడగ్గానే టన్ కార్డును పుట్టించే సదుపాయం అక్కడ మొదటి నుంచీ లేదు, డ్రైవర్ పెట్టాలి. విండోస్ సొంత వీపీఎన్‌కు తనవే అయిన ‘వ్యాన్ మినీపోర్ట్’లు ఉన్నాయి. బయటి వీపీఎన్‌ల కోసం ఏళ్ల తరబడి ఓపెన్‌వీపీఎన్ వాళ్ల ట్యాప్ డ్రైవర్ నడిచింది. అందుకే పాత ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ల కిటికీ తెరిస్తే వైఫై పక్కన రెండు మూడు ట్యాప్ అడాప్టర్లు ఎర్ర గీటుతో కనిపిస్తాయి. ఒక్కో వీపీఎన్ ఒక్కోటి పెట్టి పోయింది, తీసేసిన తర్వాత కూడా కొన్ని మిగిలిపోయాయి. వైర్‌గార్డ్ బృందం 2019లో వింటన్ అనే తేలికైన డ్రైవర్‌ను, 2021లో విండోస్ కెర్నెల్‌లోనే నడిచే రూపాన్ని తెచ్చాక ఆ చెత్త తగ్గింది.

విండోస్‌లో అసలు గొడవ మెట్రిక్ దగ్గర. రెండు కార్డులు ఒకే గమ్యానికి దారి చూపిస్తే ఏ కార్డు అంకె తక్కువైతే దానిదే పైచేయి. ఆ అంకెను విండోస్ తనంతట తానే, లింకు వేగాన్ని చూసి వేస్తుంది. వీపీఎన్ కార్డు అంకెను చేత్తో తగ్గించకపోతే ట్రాఫిక్ ఇంటి వైఫై వైపే మొగ్గవచ్చు. విండోస్ 8 నుంచి ఇంకో తిరకాసు వచ్చింది. పేరు అడగాల్సి వస్తే అన్ని కార్డుల డీఎన్ఎస్‌లకూ ఒకేసారి కబురు పంపి ముందు వచ్చిన జవాబు తీసుకోవడం దానికి అలవాటైంది. వేగం కోసం చేసినదే, కానీ ఆఫీసు లోపలి సర్వర్ పేర్లు ఊళ్లోని ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్‌కు చేరతాయి. ఓపెన్‌వీపీఎన్‌లో దీన్ని ఆపడానికే ప్రత్యేకంగా ఒక వరస రాయాలి. వైర్‌గార్డ్ విండోస్ యాప్‌లో మొత్తం ట్రాఫిక్‌ను మళ్లించమంటే టన్నెల్ బయటి దారులను ఫైర్‌వాలే మూసేసేలా టిక్కు పెట్టుకోవచ్చు.

యాపిల్ మ్యాక్‌లో యూటన్ అనే ఇంటర్‌ఫేస్ వ్యవస్థలోనే ఉంది, డ్రైవర్ అక్కర్లేదు. పేరు మాత్రం మన ఇష్టం కాదు. యూటన్ తర్వాత అంకె. మ్యాక్ తన సొంత పనులకే కొన్ని యూటన్‌లు పుట్టించుకుంటుంది కాబట్టి నిన్న మూడైనది ఈరోజు ఐదు కావచ్చు. ‘యూటన్3’ అని స్క్రిప్టులో పాతేసినవాళ్లు మర్నాడు తల పట్టుకుంటారు. ట్యాప్ అవసరమైనవాళ్లు వాడిన బయటి కెర్నెల్ ఎక్స్‌టెన్షన్‌కు 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి దారి ఇరుకైంది. డీఎన్ఎస్ కోసం ఇక్కడ ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ చూసి నిర్ధారణకు రాకూడదు, ‘ఎస్‌సీయుటిల్’ను అడగాలి.

బీఎస్‌డీ రకపు ఆపరేటింగ్ సిస్టమ్‌లను తడిమి వదిలేద్దాం. ఓపెన్‌బీఎస్‌డీ 2020 అక్టోబరులో 6.8తో వైర్‌గార్డ్‌ను కెర్నెల్‌లో పెట్టుకుంది. ‘ఐఎఫ్‌కాన్ఫిగ్’ ఒక్కటే చాలు. ఫ్రీబీఎస్‌డీ 13.0లో పెట్టబోయి, కోడ్ నాణ్యత మీద పెద్ద రగడ జరిగి, 2021లో విడుదలకు ముందు తీసేసింది. తిరగరాసిన రూపం 2023లో వచ్చింది.

ఫోన్ దగ్గర యాజమాన్యమే మారిపోతుంది. ఆండ్రాయిడ్ 4.0తో 2011లో వచ్చిన వీపీఎన్ సర్వీస్ పద్ధతిలో యాప్‌కు రూట్ హక్కు అక్కర్లేదు. చిరునామా, దారులు, డీఎన్ఎస్, ఎంటీయూ (ఎంత పెద్ద ప్యాకెట్ పడుతుందో చెప్పే అంకె) ఒక కాగితం మీద రాసి ఇచ్చినట్టు ఇస్తే వ్యవస్థే కార్డును తయారుచేసి యాప్ చేతిలో పెడుతుంది. యజమానిని ఒకసారి అనుమతి అడుగుతుంది, పైన తాళంచెవి గుర్తు వేస్తుంది. ఒక సమయంలో ఒక్క వీపీఎన్ మాత్రమే నడుస్తుంది. ఏ యాప్ టన్నెల్‌లో పోవాలి, ఏది బయట పోవాలి అని విడదీయడం ఫోన్‌లో కంప్యూటర్ కన్నా సులువు. ఐఫోన్‌లో 2015 నాటి ఐఓఎస్ 9 నుంచి ఇలాంటిదే ఉంది, మెమరీ పరిమితి మాత్రం బిగువు. అనుమతి కిటికీలో ‘ఓకే’ నొక్కడమంటే ఫోన్‌లోంచి పోయే ప్రతి ప్యాకెట్టునూ ఆ యాప్ చేతికి అప్పగించడమే. ఉచిత వీపీఎన్ అని కనపడ్డ ప్రతిదాన్నీ దింపుకునే పిల్లలకు ఈ ఒక్క సంగతి తల్లిదండ్రులు కూర్చోబెట్టి చెప్పాలి.

ఇక నడవాలో పచ్చదీపం వెలిగి పేజీ రాని సంగతికి వద్దాం. నెల్లూరు చేపల మార్కెట్‌లో థర్మకోల్ పెట్టె కట్టడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. పెట్టె కొలత మారదు. ఐసు వేస్తే ఆ మేర సరుకుకు చోటు తగ్గుతుంది. ఈథర్‌నెట్ పెట్టె 1500 బైట్లు. వైర్‌గార్డ్ తన కవరు కోసం ఐపీవీ4 మీద 60, ఐపీవీ6 మీద 80 బైట్లు తీసుకుంటుంది. ఎందుకైనా మంచిదని 80 తీసేసి లోపలి కార్డుకు 1420 అని రాస్తారు. ఇక్కడిదాకా లెక్క సరిపోయింది. కానీ బీఎస్ఎన్ఎల్ ఫైబర్ లాంటి కనెక్షన్లలో పీపీపీఓఈ అనే ఇంకో పొర ఉంటుంది. దానికి 8 బైట్లు పోతే పెట్టె 1492కు దిగుతుంది. ఐపీవీ4 మీద అయితే 1432 దాకా పడుతుంది, 1420 హాయిగా దూరిపోతుంది. ఐపీవీ6 మీద 1412 మాత్రమే పడుతుంది. ఎనిమిది బైట్లు ఎక్కువ.

ల్యాప్‌టాప్ దీన్ని తనంతట తాను ఎందుకు కనిపెట్టదు? పీపీపీఓఈ నడిచేది ఫైబర్ తీగ వచ్చి చేరే, గోడకు తగిలించిన ఓఎన్‌టీ పెట్టెలో. ల్యాప్‌టాప్‌కు కనపడేది వైఫై వరకే, అక్కడ 1500 అనే ఉంటుంది. దారిలో ఇరుకు ఉందని రౌటర్ వెనక్కి కబురు పంపాలి. ఆ కబురును మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తే పెద్ద ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. పింగ్ చిన్నది కాబట్టి పోతుంది. లాగిన్ పేజీ రావచ్చు. మెయిల్‌కు ఫైలు జతచేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసు సాంకేతిక విభాగం ‘మీ నెట్ స్లో’ అంటుంది, కేబుల్ కుర్రాడు స్పీడ్ టెస్ట్ చూపించి ‘బ్రహ్మాండంగా ఉంది’ అంటాడు. ఇద్దరూ తమ దగ్గర కనపడ్డ నిజమే చెప్తున్నారు.

పరీక్ష ఐదు నిమిషాల పని. వీపీఎన్ ఆపి, ముక్కలు చేయవద్దన్న గుర్తుతో 1464 బైట్ల పింగ్ కొట్టాలి. దానికి 28 బైట్ల తలకట్టు కలిస్తే 1492. అది పోయి, 1472 ఆగిపోతే పెట్టె 1492 అని తేలినట్టే. విండోస్‌లో ఈ గుర్తు ‘ఎఫ్’, మ్యాక్‌లో పెద్ద ‘డి’, లినక్స్‌లో ‘ఎమ్ డూ’. తర్వాత వీపీఎన్ కార్డుకు 1412 పెట్టడమో, అంత లెక్కలు వద్దనుకుంటే ఐపీవీ6 ఒప్పుకునే కనిష్ఠమైన 1280 పెట్టడమో చేయాలి. 1280తో కొంచెం వేగం పోతుంది గానీ ఊరు మారినా, కనెక్షన్ మారినా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఇంటర్నెట్ కంపెనీలు నెలవారీ బిల్లు మీద స్పీడ్ అంకె వేసే చోటనే ఎంటీయూ అంకె కూడా వేస్తే ఎన్నో రాత్రుల నిద్ర మిగులుతుంది.

నెల్లూరు తీరంలో వీపీఎన్‌కు ఆఫీసు ఉద్యోగాన్ని మించిన పని ఒకటి ఉంది. రొయ్యల గుంట. ఎనభైల చివర, తొంభైల మొదట్లో ఈ తీరమంతా గుంటలు తవ్వారు. తొంభైల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎందరినో ముంచింది. తీర ప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో గట్టి తీర్పు ఇచ్చింది. 2009లో వెనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక గుంటలు మళ్లీ కళకళలాడాయి. వెనామీని ఒత్తుగా పెంచుతారు కాబట్టి రాత్రిపూట నీటికి గాలి పట్టించే ఏరేటర్ ఆగితే నీళ్లలో ప్రాణవాయువు పడిపోయి తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే గట్టు మీద కాపలా గది, జనరేటర్, ఇప్పుడు కెమెరా, ఏరేటర్ల కరెంటు చూసే మీటరు. రైతు నెల్లూరులో ఉంటాడు, కొడుకు టెక్సాస్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటాడు. ఇద్దరికీ గుంట కనపడాలి.

గట్టు మీద నెట్ అంటే సాధారణంగా 4జీ సిమ్ వేసిన రౌటర్. మొబైల్ కంపెనీ ఆ సిమ్‌కు ఐపీవీ4లో సొంత చిరునామా ఇవ్వదు. వేలమందిని ఒకే చిరునామా వెనక దాచే సీజీనాట్ ఉంటుంది. 100.64తో మొదలయ్యే చిరునామాలను 2012లో దీనికోసమే విడిగా కేటాయించారు. బయటినుంచి గుంట తలుపు తట్టే దారి లేదు. కాబట్టి గుంటే బయటికి రావాలి. ముంబయిలోనో, అమెజాన్ 2022 నవంబరులో కేంద్రాలు తెరిచిన హైదరాబాదులోనో ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని, దానిమీద లినక్స్ వైర్‌గార్డ్ కార్డు పెడతారు. గట్టు మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్‌లోనో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోనో ఇంకో కార్డు. రైతు ఆండ్రాయిడ్ ఫోన్‌లో మరోటి, కొడుకు మ్యాక్‌లో ఒక యూటన్. నాలుగు రకాల వ్యవస్థలు, నాలుగు కనిపించని కార్డులు, అన్నిటికీ 10.8.0 వరసలో చిరునామాలు.

ఇక్కడ తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. సీజీనాట్ కాసేపు ప్యాకెట్ కదలకపోతే దారి మూసేస్తుంది కాబట్టి గుంట వైపు కార్డుకు ‘పర్సిస్టెంట్ కీపలైవ్’ 25 సెకన్లని రాయాలి. మరిస్తే పగలంతా పనిచేసి, ఎవరూ చూడని అర్ధరాత్రి మూగబోతుంది. రెండోది ‘అలవ్డ్ ఐపీస్’ వరస. చాలామంది దాన్ని దారి చూపే వరస అనుకుంటారు. అది ద్వారపాలకుడు కూడా. అటునుంచి వచ్చే ప్యాకెట్ చిరునామా ఆ వరసలో లేకపోతే లోపలికి రానివ్వదు. క్లౌడ్ సర్వర్‌లో గుంట రౌటర్ చిరునామా ఒక్కటే రాసి, దాని వెనకనున్న కెమెరా నెట్‌వర్క్‌ను రాయకపోతే రౌటర్ పలుకుతుంది, కెమెరా పలకదు. సర్వర్‌లో ప్యాకెట్లను ఇటునుంచి అటు పంపే ఫార్వర్డింగ్ తెరవకపోయినా ఇదే లక్షణం.

మూడోది మరీ సామాన్యం. రైతు ఇంటి రౌటర్ వరస 192.168.1, గుంట రౌటర్ వరసా 192.168.1. ఫోన్ ఇంటి వైఫైలో ఉండగా కెమెరా చిరునామా కొడితే టన్నెల్ కార్డు దాకా పోకుండా సొంత ఇంట్లోనే వెతకవచ్చు. అలాంటప్పుడు బయటికెళ్లి మొబైల్ డేటా మీద చూస్తే కెమెరా వస్తుంది, ఇంటికొస్తే పోతుంది! గుంట పెట్టెను కొన్న రోజే 192.168.73 లాంటి ఎవరూ పెట్టుకోని వరసకు మార్చేస్తే సరిపోతుంది. మొత్తం ట్రాఫిక్‌ను టన్నెల్‌లోకి మళ్లించకుండా ఆ ఒక్క వరసనే మళ్లిస్తే రైతు ఫోన్‌లో యూట్యూబ్ క్లౌడ్ సర్వర్ గుండా తిరిగి రానక్కర్లేదు, అద్దె బిల్లూ పెరగదు.

తుఫాను రోజుల్లో ఈ కార్డుల విలువ తెలుస్తుంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తుంది. పల్లెకు చవకగా నెట్ చేర్చింది ఆ ఉపాయమే. స్తంభం పడితే మాత్రం కరెంటూ నెట్టూ కలిసి పోతాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ లాంటి తుఫాను తీరం వెంబడి నడిచినప్పుడు ఇంటివాళ్లు ఫైబర్ నుంచి ఫోన్ హాట్‌స్పాట్‌కు, అక్కడినుంచి ఇంకో కంపెనీ సిమ్‌కు మారుతూనే ఉంటారు. వైర్‌గార్డ్‌లో బయటి దారి మారినా లోపలి కార్డు చిరునామా మారదు. సరైన తాళంతో ఏ చిరునామా నుంచి ప్యాకెట్ వచ్చినా అవతలివాడు దాన్నే కొత్త చిరునామాగా రాసుకుంటాడు. టీసీపీ మీద నడిపే ఓపెన్‌వీపీఎన్ అయితే ప్రతి మార్పుకూ తెగి మళ్లీ కట్టుకోవాలి. తీర ప్రాంతానికి ఈ ఒక్క గుణం చాలు, వైర్‌గార్డ్‌కు మొగ్గడానికి.

చట్టం మాట కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం జనానికి వీపీఎన్ సేవ అమ్మే కంపెనీలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్లు దాచాలి. ఆ ఏడాది సెప్టెంబరు 25 నాటికి అది అమల్లోకి వచ్చేలోపే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ భారత్‌లోని సర్వర్లను తీసేశాయి. సంస్థల అంతర్గత వీపీఎన్‌లకు ఇది వర్తించదని సెర్ట్-ఇన్ వివరణ ఇచ్చింది. గల్ఫ్‌లో ఉన్నవారికి లెక్క వేరు. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో దాచడానికో వీపీఎన్‌తో చిరునామా మార్చుకుంటే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దాకా ఉంటుంది. ఇంటికి వీడియో కాల్ కోసం ఎవరో చెప్పిన యాప్ దింపుకునే ముందు అక్కడి మన మనుషులు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

గుంట గట్టుకు సంబంధించి చివరగా ఒక చిక్కుంది, వెతికినా సులువుగా దొరకదు. కరెంటు పోయి వచ్చిన తర్వాత అన్నీ వెలుగుతాయి, టన్నెల్ మాత్రం లేవదు. రాస్ప్‌బెర్రీ పై పాత రకాల్లోనూ చాలా రౌటర్లలోనూ కరెంటు లేనప్పుడు నడిచే గడియారం ఉండదు. లేచేసరికి అది గంటలో రోజులో వెనక ఉంటుంది. వైర్‌గార్డ్ కరచాలనంలో సమయం ముద్ర ఉంటుంది, ముందు పంపినదానికన్నా పాత ముద్రను అవతలివైపు నకలుగా భావించి తోసేస్తుంది. గడియారం సరిదిద్దుకోవాలంటే ఇంటర్నెట్ సమయ సర్వర్‌ను అడగాలి. ఆ దారిని కూడా టన్నెల్‌లోకే మళ్లించి ఉంటే టన్నెల్ కోసం గడియారం, గడియారం కోసం టన్నెల్ ఎదురుచూస్తూ కూర్చుంటాయి. సమయ సర్వర్‌కూ, దాని పేరు చెప్పే డీఎన్ఎస్‌కూ దారిని టన్నెల్ బయటే ఉంచాలి. లేదా బటన్ బ్యాటరీ వేసే చిన్న గడియారపు పలకను రాస్ప్‌బెర్రీ పైకి తగిలించాలి. ఏరేటర్ల స్టార్టర్ పెట్టె పక్కనే, ఉప్పుగాలి తగలకుండా మూతపెట్టి.